అణా సెస్సు నుంచి ట్రెజరీ టోకెన్ దాకా

2023 డిసెంబరు 20న ఉప ముఖ్యమంత్రి, ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క తెలంగాణ శాసనసభలో రాష్ట్ర ఆర్థిక పరిస్థితిపై శ్వేతపత్రం పెట్టారు. రాష్ట్రం మొత్తం అప్పు 6,71,757 కోట్ల రూపాయలని అందులో చెప్పారు. ఆ లెక్కను ప్రతిపక్షం ఒప్పుకోలేదు. ఏ అప్పు ఎవరి ఖాతాలో రాయాలన్న వాదన అసెంబ్లీలోనూ పత్రికల్లోనూ చాలా రోజులు నడిచింది. ఖజానా ఇరుకున పడిందన్న మాట మాత్రం బలంగా వినిపించింది. శ్వేతపత్రం వచ్చిన ఆరు వారాలకే, 2024 ఫిబ్రవరి 1తో, రాష్ట్రంలోని గ్రామ పంచాయతీల పాలకవర్గాల గడువు తీరిపోయి ప్రత్యేకాధికారులు వచ్చారు. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ఊళ్లలో ఏం జరిగిందో జగిత్యాల జిల్లాలో ఎవరిని అడిగినా చెబుతారు. చెత్త ట్రాక్టరుకు డీజిలు లేదు, వీధి దీపం పోతే కొత్తది వేయడానికి పైసలు లేవు, సఫాయి కార్మికుల జీతం నెలల తరబడి రాలేదు. చేసిన పనుల బిల్లుల కోసం మాజీ సర్పంచులు రోడ్డెక్కారు. రాష్ట్రానికి కష్టం వస్తే ఊరికీ కష్టం రావడం సహజమే కదా అనిపిస్తుంది. ఆ జిల్లాలోని కొడిమ్యాల చుట్టుపక్కల నేల చరిత్రను కాస్త వెనక్కి వెళ్లి చూస్తే ఇందులో సహజమేమీ లేదని తేలుతుంది. ఊరి సేవలు ఆగిపోయింది ఊరి పేదరికం వల్ల కాదు, ఊరి పైసలు నడిచే దారి వల్ల. ఆ దారిని నూటముప్పై ఏళ్లుగా ఒక్కొక్క మలుపు తిప్పుతూ హైదరాబాదు దాకా తీసుకుపోయారు.

ముందు ఆ దారి ఇప్పుడెలా ఉందో చూడాలి. కొడిమ్యాల లాంటి మండల కేంద్రపు పంచాయతీకి ఇంటి పన్ను, నల్లా పన్ను, దుకాణాల లైసెన్సు ఫీజు, సంతల వేలం సొంత ఆదాయాలు. కారోబారు ఇల్లిల్లూ తిరిగి రశీదు చింపి వసూలు చేస్తాడు. మార్చి నెలాఖరుకు ఇంత శాతం వసూలు కావాలని పైనుంచి ఒత్తిడి ఉంటుంది కాబట్టి కార్యదర్శి కూడా వెంట నడుస్తాడు. అట్లా వచ్చిన సొమ్మును పంచాయతీ తన దగ్గర ఉంచుకోకూడదు, చలానా కట్టి ట్రెజరీలో జమ చేయాలి. ఖర్చుకు కావాలంటే సర్పంచి, ఉప సర్పంచి ఇద్దరి సంతకాలతో చెక్కు రాసి బిల్లుతో పాటు సబ్ ట్రెజరీకి పంపాలి. అక్కడ టోకెన్ నంబరు పడుతుంది. ఖజానా నిండుగా ఉంటే ఆ టోకెన్ కొద్ది రోజుల్లో డబ్బవుతుంది. ఖజానా ఎండితే ఆర్థిక శాఖ చెల్లింపుల మీద ఆంక్ష పెడుతుంది, ఊళ్లో వాళ్లు దాన్నే ‘ఫ్రీజింగ్’ అంటారు. అప్పుడు టోకెన్ టోకెన్‌గానే ఉండిపోతుంది. ఇందులో బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఆగిపోయిన సొమ్ములో రాష్ట్రం ఇచ్చిన గ్రాంటే కాదు, ఊళ్లో జనం కట్టిన ఇంటి పన్ను కూడా ఉంటుంది. బీడీలు చుట్టే ఆమె తన ఇంటి ముందు మోరీ తీయడానికని కట్టిన పన్ను పాసుపుస్తకంలో అంకెగా కనిపిస్తుంది గానీ, మోరీ తీసే మనిషికి కూలిగా మారదు.

పూర్వం ఇలా ఉండేది కాదు. అయితే ఆ పూర్వాన్ని మెచ్చుకునే ముందు దాన్ని సరిగ్గా చూడాలి. తెలంగాణ చెరువుల నేల. చెరువు కట్టను కాపాడే పనికి, పంట కాలువల్లో నీళ్లు పంచే పనికి రాజు దగ్గర నుంచి నెలజీతం వచ్చేది కాదు. చెరువును బాగుచేసి నిలబెట్టిన వాడికి దాని కింద పండిన పంటలోనో శిస్తులోనో పదో వంతు దక్కే ఏర్పాటుకు దశబంధం అని పేరు. నీటిని మడి మడికీ తిప్పే నీరటికాడికి రైతులు కళ్లం దగ్గరే గింజలు కొలిచేవారు. అంటే సేవ ఎక్కడ జరిగిందో దానికి చెల్లింపు కూడా అక్కడే జరిగేది. గోల్కొండలో ఏ సుల్తాను మారినా, హైదరాబాదు దివాను ఎంత అప్పుల్లో కూరుకున్నా, కట్ట కింద మడి పండితే నీరటికాడి పాలు అతనికి అందేది. పైఖజానా దివాళా తీసిన రోజుల్లోనూ చెరువు నిండటానికి ఒక కారణం ఇదే. అదే కళ్లం దగ్గర కులాన్ని బట్టి వెట్టి కూడా ఉండేది. చాకలి, మంగలి, మాదిగ కుటుంబాల చేత ఊరి పని, దొర ఇంటి పని ఊరికే చేయించుకున్నది కూడా స్థానిక ఏర్పాటే. దగ్గరలో ఉన్న అధికారమంతా మంచిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. సేవకు కట్టిన సొమ్ము సేవ దగ్గరే ఉంటే అది పైవాడి కష్టాలకు చిక్కదన్నంత వరకే నా మాట.

మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాను అయ్యేనాటికి నిజాం ఖజానా అప్పుల కింద నలిగిపోతోంది. కంపెనీ సైన్యానికి పడ్డ బాకీ కిందనే ఆ ఏడాది బేరారు చేజారింది. 1865లో జిల్లాబందీతో జిల్లాలు, తాలూకాలు, జీతగాళ్లైన అధికారులు వచ్చారు. మన ప్రాంతం ఎలగందుల జిల్లాలో చేరింది. జగిత్యాల, సిరిసిల్ల దాని తాలూకాలు. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారాక పేరూ మారింది. సర్వే, సెటిల్‌మెంటు జరుగుతూ వచ్చిన కొద్దీ 19వ శతాబ్ది చివరి నుంచి భూమిశిస్తు మీద రూపాయికి ఒక అణా చొప్పున లోకల్ సెస్సు వేశారు. రోడ్లు, బడులు, వైద్యం, ఊరి కావలి లాంటి స్థానిక అవసరాలకే దాన్ని ఖర్చు పెట్టాలన్నది ఉద్దేశం. పేరుకు జిల్లా బోర్డు, తాలూకా బోర్డు ఉన్నాయి గానీ వాటికి అధ్యక్షులు తాలూక్‌దారు, తహసీల్‌దారే. కట్టేది రైతు, ఖర్చు నిర్ణయించేది సర్కారు నౌకరు. మన స్థానిక ఆదాయాల చరిత్రలో మొదటి మలుపు ఇది. పన్నుకు ‘స్థానిక’మన్న పేరు వచ్చింది గానీ అధికారం స్థానికం కాలేదు. అయినా ఆ అణాకు ఒక మంచి గుణం ఉంది. అది మామూలు శిస్తులో కలిసిపోకుండా వేరే పద్దుగా ఉండేది. ఏ ఊరివాడైనా తన శిస్తు ఎంతో తెలిస్తే తన సెస్సు ఎంతో వేళ్ల మీద లెక్క కట్టగలడు.

ఆ కాలపు హైదరాబాదు ఆర్థిక శాఖకు ఈ సంగతి బాగా తెలుసు అనడానికి ఒక రుజువుంది. 1922లో సర్ అక్బర్ హైదరీ ఖజానాను శాఖలవారీగా విడదీశారు. ఒక్కొక్క శాఖకు మూడేళ్లకు సరిపడా నిర్ణీత మొత్తం కేటాయించారు. ఏడాది చివర మిగిలిన సొమ్ము మురిగిపోయి తిరిగి ఖజానాలో కలవకుండా ఆ శాఖ దగ్గరే ఉండనిచ్చారు. ఏడాది చివర హడావిడిగా ఖర్చు చేసే జబ్బుకు అప్పట్లో దొరికిన మందు అది. రాచరికంలో ఒక శాఖాధిపతికి తన సొమ్ము మీద దొరికిన ఆ భద్రత వందేళ్ల తర్వాత ప్రజాస్వామ్యంలో ఎన్నికైన సర్పంచికి దొరకడం లేదు. హైదరీని పొగడటానికి దీన్ని ఎత్తుకోలేదు, ఆ భద్రత కూడా శాఖలకే గానీ తాలూకా బోర్డులకు అందలేదు. ఇరుకు కాలంలోనూ పద్దును విడిగా కాపాడవచ్చని ఈ గడ్డమీదే ఒక ఖజానా చేసి చూపించింది, అంతే.

పైసలు ఊళ్లోనే ఉంటే అవి ఎవరి చేతిలో ఉంటాయన్న ప్రశ్నకు జవాబు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలకంటే బాగా తెలిసిన చోటు ఇంకొకటి లేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతు కూలీల జైత్రయాత్ర వెనక కూలిరేట్లు, బంజరు భూములే కాదు, ‘దండుగలు’ కూడా ఉన్నాయి. పంచాయితీ పేరుతో దొర విధించిన జరిమానా ఏ రశీదు లేకుండా, ఏ పద్దులో పడకుండా గడీలోకి పోయేది. రైతు కూలీ సంఘాలు ఆ దండుగల్ని తిరిగి కక్కించిన ఊళ్లు ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ఉద్యమం గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా, ఊరి సొమ్ముకు లెక్క ఉండాలి, ఆ లెక్క ఊరి ముందు చదవాలి అన్న పట్టుదల ఈ ప్రాంత ప్రజలకు అరువు తెచ్చుకున్నది కాదని అది చెబుతుంది. స్థానిక స్వపరిపాలన అనే మాట దిల్లీ నుంచి రాజ్యాంగ సవరణగా దిగేందుకు పద్నాలుగేళ్ల ముందే ఇక్కడ జనం గ్రామ ఖజానా లెక్క అడిగారు.

చట్టాలు మాత్రం ఇంకో దిక్కు నడిచాయి. 1940లో నిజాం రాజ్యంలో గ్రామ పంచాయతీల చట్టం వచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు మొదలయ్యాయి. 1964లో గ్రామ పంచాయతీల చట్టం, 1965లో పురపాలక చట్టం వచ్చాయి. 1980ల మధ్యలో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీలను తీసేసి మండలాలను తెచ్చింది. పరిపాలన జనానికి దగ్గరైన ఆ ఏళ్లలోనే ఆదాయం దూరమైంది. అంతవరకు వృత్తి పన్ను పంచాయతీలు, మున్సిపాలిటీలు వేసుకునేవి. 1987 చట్టంతో రాష్ట్రం దాన్ని తన చేతిలోకి తీసుకుని, వసూలు తాను చేసి స్థానిక సంస్థలకు పరిహారంగా పంచుతానంది. రాజ్యాంగంలోని 276వ అధికరణ ఈ పన్ను గురించి చెప్పేటప్పుడు మున్సిపాలిటీ, జిల్లా బోర్డు, లోకల్ బోర్డుల ప్రయోజనాన్ని పేరుపెట్టి చెప్పింది. ఇప్పటికీ దాని గరిష్ఠ పరిమితి ఏడాదికి 2,500 రూపాయలే. రాష్ట్ర బడ్జెట్లో అది పెద్ద మొత్తం కాదు, జగిత్యాల, కోరుట్ల లాంటి పట్టణాలకు మాత్రం పెద్ద ఆసరా. స్థిరాస్తి క్రయవిక్రయాల మీద వచ్చే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం స్థానిక సంస్థలదే, అయినా అది రిజిస్ట్రేషన్ కార్యాలయం ద్వారా ఖజానాలో పడి, అక్కడి నుంచి ‘విడుదల’ కావాలి. గుట్టల్ని తొలిచే క్వారీల సీనరేజిదీ ఇదే కథ. వినోద పన్ను సంగతి ఇంకా విచిత్రం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక పంచాయతీలు, మున్సిపాలిటీల వంటి స్థానిక సంస్థలు మాత్రమే వేయగల పన్నుగా రాజ్యాంగంలో అది మిగిలింది. హక్కు కాగితం మీద నిలిచింది, వేసుకునే ఏర్పాటు మాత్రం ఊరికి రాలేదు.

జీఎస్టీ రోజునే ఈ ప్రాంతాన్ని నేరుగా తాకిన ఇంకో మార్పు జరిగింది, దాని గురించి చాలా తక్కువగా మాట్లాడారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీలు ఎంతమందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1976 చట్టం ప్రకారం బీడీల మీద ఒక సెస్సు ఉండేది. 2017 నాటికి అది వెయ్యి బీడీలకు 5 రూపాయలు. ఆ సొమ్ము బీడీ కార్మికుల సంక్షేమ నిధికి. వాళ్ల దవాఖానలు, పిల్లల చదువు స్కాలర్‌షిప్పులు, ఇళ్లు దాంతోనే నడిచేవి. జీఎస్టీలో కలిపేస్తూ ఆ సెస్సును ఎత్తేశారు. పథకాలు ఉంటాయన్నారు, అవి పేరుకు ఉన్నాయి కూడా. కానీ ఇదివరకు కార్మికురాలి చేతుల మీదుగా పోయిన ప్రతి వెయ్యి బీడీలకూ ఇంతని లెక్క ఉండేది, ఇప్పుడు ఏటా బడ్జెట్లో ఎంత పెడితే అంత. సొంత ఆధారం ఉన్న నిధి కేటాయింపు కోసం ఎదురుచూసే నిధి అయింది. మున్సిపాలిటీకీ పంచాయతీకీ జరిగింది కూడా అచ్చంగా ఇదే. ముందు ఆధారం తీసేస్తారు, దాని స్థానంలో మాట ఇస్తారు. ఖజానా బాగున్నంత కాలం మాట నిలుస్తుంది.

1992లో పార్లమెంటు ఆమోదించి 1993లో అమల్లోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు ఈ బలహీనతను సరిదిద్దుతాయని అనుకున్నారు. రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలి, కేంద్ర ఆర్థిక సంఘం కూడా స్థానిక సంస్థల గురించి సిఫారసు చేయాలి అన్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థలకు 4,36,361 కోట్లు సిఫారసు చేసింది. కేంద్రం నుంచి అందిన పది పనిదినాల్లో రాష్ట్రం ఆ సొమ్మును స్థానిక సంస్థకు పంపాలి, ఆలస్యమైతే వడ్డీతో కట్టాలి. ఇంత గట్టి నిబంధన రాష్ట్రం తన సొంత బకాయిల విషయంలో ఎక్కడా పెట్టుకోలేదు. ఈ కేంద్ర నిధులకు ఒక తలుపు ఉంది, దాని తాళం మళ్లీ రాష్ట్రం చేతిలోనే ఉంది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే గ్రాంటు రాదు. పంచాయతీ ఎన్నికలు పెట్టాల్సింది మాత్రం రాష్ట్రం. 2011లో గడువు ముగిస్తే 2013 జులైలో ఎన్నికలు జరిగాయి. 2018 ఆగస్టులో ముగిస్తే 2019 జనవరిలో జరిగాయి. 2024 ఫిబ్రవరిలో ముగిస్తే, 2025 జూన్‌లో హైకోర్టు గడువు పెట్టి చెప్పాక, ఆ డిసెంబరులో మూడు విడతల్లో జరిగాయి. ముగ్గురు వేర్వేరు ముఖ్యమంత్రులు, రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు, ఊరికి దక్కింది మాత్రం ఒకటే ఫలితం. రాష్ట్రానికి ఇరుకు వచ్చిన కాలంలోనే ఊరికి కేంద్రం డబ్బూ ఆగింది. ఒక కొళాయి ఎండినప్పుడు రెండోది తిప్పుకోవాలి కదా, ఇక్కడ రెండు కొళాయిలూ ఒకే చెయ్యి తిప్పుతోంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. దాన్ని తప్పించుకోకూడదు. ఊళ్లు ఎన్నడూ లేనంత శుభ్రంగా కనిపించింది పల్లె ప్రగతి రోజుల్లోనే కదా, అది రాష్ట్రం సొమ్ముతోనే కదా అంటారు. నిజమే. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత 2019 సెప్టెంబరు 6న ముప్పై రోజుల ప్రణాళికతో మొదలైన ఆ కార్యక్రమానికి ప్రభుత్వం నెలకు 339 కోట్ల చొప్పున విడుదల చేయడం మొదలుపెట్టింది. పంచాయతీకో ట్రాక్టరు, ట్యాంకరు, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం వచ్చాయి. పట్టణ ప్రగతి 2020 ఫిబ్రవరిలో మొదలైంది. జగిత్యాల జిల్లా అయిదు పట్టణాలకూ, 2018లోనే మున్సిపాలిటీలైన ధర్మపురి, రాయికల్‌తో సహా, దాని ఫలం అందింది. కొవిడ్ వచ్చినప్పుడు 2020 మార్చి 30న ప్రభుత్వం ఉద్యోగుల జీతాలకు కోతపెట్టింది. ప్రజాప్రతినిధులకు 75 శాతం, అఖిల భారత సర్వీసులకు 60 శాతం, మిగతా ఉద్యోగుల్లో చాలామందికి 50 శాతం వాయిదా వేసింది. అదే సమయంలో సఫాయి కార్మికులకు జీతం పూర్తిగా ఇచ్చి పైన ప్రోత్సాహకం కూడా ఇచ్చింది. నిండు మనసుతో మెచ్చుకోవాల్సిన నిర్ణయం ఇది. ఖజానా ఎండినా ఊరి సేవను కాపాడవచ్చని దాంతో రుజువైంది. కానీ ఆ కాపుదల ఒక ముఖ్యమంత్రి మనసులోంచి వచ్చింది, ఊరి హక్కులోంచి కాదు. జీతం కోతపడ్డ ఉద్యోగులు, పింఛనుదార్లు కోర్టుకు వెళితే ప్రభుత్వం జూన్‌లో ఏకంగా ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆగిపోయిన టోకెన్ల మీద కోర్టుకెక్కి ప్రభుత్వాన్ని ఆ స్థితికి తెచ్చిన పంచాయతీ లేదు. 2023 జులైలో పంచాయతీ కార్మికులు సమ్మెకు దిగేనాటికి, అంటే ప్రభుత్వం మారకముందే, నెలనెలా వస్తుందన్న సొమ్ము నెలనెలా రావడం ఆగిపోయింది. దయగా వచ్చింది దయగానే పోయింది.

రెండో అభ్యంతరం మరింత న్యాయమైనది. ఊరికి సొంత ఆదాయమే సరిపోదు, దాన్ని కాపాడి ఏం లాభం? రహదారి పక్కన ఉన్న పూడూరుకు దుకాణాలు, వెంచర్లు ఉండవచ్చు. గుట్టల నడుమ ఉన్న చిన్న తండాకు ఇంటి పన్ను తప్ప ఏముంది? 2018లో తండాలనూ గూడేలనూ పంచాయతీలు చేసి మొత్తం సంఖ్యను పన్నెండు వేలు దాటించినప్పుడు ఈ సమస్య ఇంకా పెరిగింది. నిజమే, రాష్ట్రం గ్రాంటు లేకుండా చిన్న ఊళ్లు నడవలేవు. ఉన్న ఊరి దగ్గర తీసుకుని లేని ఊరికి ఇవ్వడం రాష్ట్రం చేయాల్సిన పనే. అయితే పంచడం వేరు, పట్టి ఉంచడం వేరు. పేద ఊరికి గ్రాంటు కావాలన్నది దాని ఇంటి పన్నును కూడా ట్రెజరీలో బంధించడానికి కారణం కాదు. పైగా తక్కువ ఆదాయం ఉన్న ఊరికే ఆ కొద్దిపాటి సొమ్ము చేతిలో ఉండటం ఎక్కువ అవసరం. పది లీటర్ల డీజిలుకూ, క్లోరినేషన్ పొడికీ, కాలిన మోటారు రివైండింగుకూ పెద్ద మొత్తాలు అక్కర్లేదు, అవి ఈ వారమే కావాలి. ప్రత్యేకాధికారుల కాలంలో పంచాయతీ కార్యదర్శులు సొంత జేబులోంచి, అప్పుతెచ్చి ఇలాంటి ఖర్చులు పెట్టిన వార్తలు వచ్చాయి. ఖాతాలో ఊరి పన్ను ఉండగానే ఒక చిరుద్యోగి అప్పు చేయాల్సి రావడం ఏ లెక్కకూ అందదు.

మూడో అభ్యంతరాన్ని అధికారులు చెబుతారు, మెల్లగా గానీ పట్టుదలగా చెబుతారు. చేతికిస్తే తింటారు అని. దీనికి జవాబు చెప్పేవాళ్లు చాలామంది స్థానిక సంస్థల్ని అమాయకులుగా చూపిస్తారు, నేను ఆ పని చేయను. గ్రంథాలయ సెస్సునే చూద్దాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్ను మీద 8 శాతం సెస్సును మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. చాలాచోట్ల వసూలు చేస్తారు, కట్టరు. ఊరి లైబ్రరీకి దినపత్రికలు ఆగిపోవడానికి, కొత్త పుస్తకాలు రాకపోవడానికి ఇది పెద్ద కారణం. రాష్ట్రం ఊరికి చేసిందే ఊరు లైబ్రరీకి చేస్తోంది. కాబట్టి పైవాళ్లు చెడ్డవాళ్లు, కిందివాళ్లు మంచివాళ్లు అన్న వాదన నిలవదు. ఇరుకున పడ్డ ఏ ఖజానా అయినా తన గుండా పోయే పరాయి సొమ్మును వాడుకుంటుంది, అది మనుషుల గుణం కాదు, ఆ ఏర్పాటు గుణం. అందుకే పరాయి సొమ్ము ఆ ఖజానా గుండా పోకుండా చూడటమే మందు. అవినీతికి మందు వేరు. ఆడిట్, గ్రామసభలో లెక్క చదవడం, తప్పు చేసిన సర్పంచిని తొలగించడం అన్నీ 2018 చట్టంలో ఉన్నాయి. సర్పంచి తింటాడేమోనన్న భయంతో సఫాయి కార్మికుడి జీతం ఆపితే, ఎవరి నేరానికో ఎవరికో శిక్ష వేసినట్టు అవుతుంది.

ఇక చివరి అభ్యంతరం ఆర్థిక శాఖది. ఆపదలో ఉన్న ప్రభుత్వం అన్ని పద్దుల నగదునూ ఒకచోట చేర్చి అత్యవసరమైనదానికి ముందు చెల్లించకపోతే జీతాలు, పింఛన్లు, వడ్డీలు ఆగిపోతాయి, అది ఇంకా ప్రమాదం అంటారు. ఈ వాదన మనదేశంలోనే కాదు, మన పిల్లలు ఎంతోమంది ఉద్యోగాలు చేస్తున్న కాలిఫోర్నియాలోనూ నడిచింది. 1978లో అక్కడి ఓటర్లు ఆస్తి పన్నుకు పరిమితి పెట్టాక నగరాలు రాష్ట్రం మీద ఆధారపడ్డాయి. 1990ల మొదట్లో రాష్ట్రానికి లోటు వచ్చినప్పుడు నగరాల ఆస్తి పన్నులో కొంత బడుల పద్దుకు మళ్లించారు. దాన్ని అడ్డుకోవడానికి 2004లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించారు. తీసుకుంటే అత్యవసరమని ప్రకటించి, అప్పుగా తీసుకుని, మూడేళ్లలో వడ్డీతో తిరిగి ఇవ్వాలన్నారు. 2009 సంక్షోభంలో రాష్ట్రం ఆ వెసులుబాటును వాడి నగరాలు, కౌంటీల ఆస్తి పన్నులో 8 శాతం, దాదాపు 190 కోట్ల డాలర్లు, అప్పు తీసుకుంది. మరుసటి ఏడాదే ఓటర్లు ఆ వెసులుబాటును కూడా మూసేశారు. అక్కడి ఏర్పాటులో లోపాలు లేవని కాదు, నగరాలకు మూసిన తలుపు వల్ల రాష్ట్రం చేతులు మరింత కట్టిపడ్డాయన్న విమర్శ ఉంది. అయినా మనకు అక్కరకొచ్చే తేడా ఒకటుంది. అక్కడ తీసుకున్నది అప్పు అని ఒప్పుకుని తీసుకున్నారు, దానికి తేదీ ఉంది, వడ్డీ ఉంది. ఇక్కడ ఊరి పన్నును ఆపినప్పుడు అప్పు అని ఎవరూ అనరు, ‘నిధుల విడుదలలో జాప్యం’ అంటారు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద డిస్కంలకు సర్దేసినప్పుడు సర్పంచులకు ఖాతా ఖాళీ అయ్యాకే తెలిసింది. నగదు చాలని రాష్ట్రం ఊరి సొమ్ము వాడుకోక తప్పదనే అనుకుందాం. అప్పుడైనా చీటీ రాసి వాడుకోవాలి.

మనకు దగ్గరలో కేరళ ఒక మెట్టు ముందుంది. అక్కడ బడ్జెట్‌తో పాటే అనుబంధం నాలుగు అనే పత్రంలో ఏ పంచాయతీకి ఎంత అన్నది పేరుపేరునా అచ్చువేసి శాసనసభ ముందు పెడతారు. అక్కడా మార్చి నెలలో ట్రెజరీ ఆంక్షలు తప్పలేదు గానీ, తమకు ఎంత ఆగిందో ఊరివాళ్లకు రూపాయలతో సహా తెలుసు. మన దగ్గర రాష్ట్ర ఆర్థిక సంఘం ఉంది. తెలంగాణ మొదటి సంఘానికి అధ్యక్షుడైన జి. రాజేశం గౌడ్ జగిత్యాల నుంచే ఎమ్మెల్యేగా గెలిచి మంత్రి అయిన మనిషి, ఈ ఊళ్ల ఇరుకు ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2024లో వేసిన సంఘానికి మాజీ ఎంపీ సిరిసిల్ల రాజయ్యను అధ్యక్షుణ్ణి చేశారు. సంఘం వేయడం రాజ్యాంగ బాధ్యత, దాని సిఫారసు మీద శాసనసభలో చర్య నివేదిక పెట్టడం కూడా బాధ్యతే. మొదటిది జరుగుతుంది, రెండోదాన్ని నాన్చుతారు. 2024 మార్చి తర్వాత రాష్ట్ర ఆర్థిక సంఘం వేసి దాని సిఫారసుల మీద చర్య తీసుకోని రాష్ట్రానికి గ్రాంటు ఆపాలని 15వ ఆర్థిక సంఘం చెప్పాల్సి వచ్చిందంటే ఈ నాన్చుడు ఎంత పాతదో అర్థమవుతుంది.

2025 డిసెంబరులో గెలిచిన సర్పంచులు కొడిమ్యాలలో, ఆ మండలంలోని నాచుపల్లిలో, నల్లగొండలో బాధ్యత తీసుకునేసరికి ముందు రెండేళ్ల బిల్లులు, కార్మికుల బకాయిలు టేబుల్ మీద ఉన్నాయి. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం, దాంతో పాటే కొత్త గ్రాంట్ల గురించి కొత్త ఆశలు. వాటికంటే ముందు సరిచేయగలిగినవి రెండున్నాయి. ఇంటి పన్ను, నల్లా పన్ను లాంటి సొంత వసూళ్లను పంచాయతీ, మున్సిపాలిటీ తమ బ్యాంకు ఖాతాలోనే ఉంచుకుని, ఆడిట్‌కు లోబడి, ట్రెజరీ ఆంక్షలతో సంబంధం లేకుండా ఖర్చు చేసుకోనివ్వాలి. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, సీనరేజి, వృత్తి పన్ను వాటాల్ని పది పనిదినాల్లో జమ చేయాలి, దాటితే వడ్డీ కట్టాలి. కేంద్రం సొమ్ముకు రాష్ట్రం ఇప్పటికే ఒప్పుకున్న నిబంధన ఇది, ఊరి సొమ్ముకూ ఒప్పుకోమనడమే. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టానికీ 2019 పురపాలక చట్టానికీ చెరొక సవరణ, ఆర్థిక శాఖ నుంచి ఒక ఉత్తర్వు సరిపోతాయి.